ఒక్కొక్కరిని ఒక్కొక్కటి లాగుతుంది: గ్రూపులో మనుషులు, లోనులో వాటాలు

(బోయిగూడ, సికింద్రాబాద్ – సమాఖ్య వార్షిక మహాసభలో గ్రూపు లీడర్ చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం ‘మనుషుల స్వభావాలు, వాళ్ళను ముందుకు నడిపించేవి’. చీటీ మీద చదివినప్పుడు ఇదేదో కాలేజీ సబ్జెక్టు, మన దాకా ఎందుకు వచ్చిందా అనుకున్నాం. మా చదువు పదో తరగతి. అయితే పన్నెండేళ్ళ నుంచి గ్రూపు మీటింగుల్లో కూర్చుంటున్నాం. మనుషుల స్వభావం పాఠ్యపుస్తకంలో చదవకపోయినా తీర్మానాల పుస్తకంలో చదివాం. సంతకం ముందుగా పెట్టేది ఎవరు, అందరూ పెట్టినాక చూసి పెట్టేది ఎవరు, పెట్టకుండా చాయ్ తాగి వెళ్ళిపోయేది ఎవరు, అన్నీ అందులో కనిపిస్తాయి.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలు చెప్పిందే. ఆ సంగతి ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. తెలిసి కూడా లోను వచ్చిన రోజు పది మందినీ ఒకే అచ్చులో పోస్తాం. ఈ రోజు మేము మాట్లాడాలనుకున్నది దాని గురించే.

బ్యాంకు లింకేజీ 10 లక్షలు వచ్చిందనుకోండి. సభ్యులు పది మంది. మనిషికి లక్ష. లెక్క అయిపోయింది, ఇంటికి పోదాం. మైక్రో క్రెడిట్ ప్లాన్ అని ఒక కాగితం ఉంటుంది కదా, ఎవరికి ఏ పనికి ఎంత కావాలో అందులో రాయాలి. చాలా గ్రూపుల్లో ఆ కాగితం మీద చీరల వ్యాపారం 1,00,000, కిరాణా 1,00,000, కుట్టుపని 1,00,000 అని పై నుంచి కింది దాకా ఒకటే అంకె ఉంటుంది. చీరల వ్యాపారం అని రాయించుకున్న అక్క జన్మలో ఒక్క చీర అమ్మి ఉండదు. ఇప్పుడు నవ్వుతున్న అక్కలందరికీ ఆ కాగితం బాగా తెలుసు.

సమానంగా పంచుకోవడం తెలివితక్కువ పని అని మేము అనడం లేదు. దానికి గట్టి కారణం ఉంది. ఒకరికి రెండు లక్షలు, ఒకరికి యాభై వేలు అంటే ఆ సాయంత్రానికే గల్లీలో మాట మొదలవుతుంది. “లీడరుకు దగ్గరిది కాబట్టి ఇచ్చిండ్రు” అంటారు. అప్పు కట్టకపోతే బాధ్యత పది మందిదీ అయినప్పుడు వాటా కూడా పది మందిదీ ఒకటే ఉండాలి కదా అనే న్యాయం కూడా అందులో ఉంది. సమానం అన్న మాట మీద గ్రూపులు విడిపోకుండా ఇన్నేళ్ళు నిలబడ్డాయి. అది చిన్న విషయం కాదు.

కానీ ఆ లక్ష ఒక్కొక్కరి చేతికి వచ్చినాక ఏమవుతుందో కూడా చూడాలి. మా గ్రూపు సంగతే చెప్తాం. పేర్లు చెప్పం.

ఒక అక్క జనరల్ బజార్‌లో తాను గుడ్డ తెచ్చి లంగాలు, నైటీలు కుట్టి షాపులకు వేస్తుంది. ఆమెకు ఓవర్‌లాక్ మిషను, ఇంకా రెండు పవర్ మిషన్లు కావాలి. రెండున్నర లక్షల పని. ఆమెకూ లక్షే వచ్చింది. మిగతాదానికి బయట నూటికి 5 రూపాయల మిత్తికి తెచ్చింది. నెలకు నూటికి 5 అంటే సంవత్సరానికి 60. పక్కన గ్రూపు ఉండగా ఆ మిత్తి కట్టింది.

ఇంకొక అక్క పద్మారావునగర్ అపార్ట్‌మెంట్లలో మూడు ఇళ్ళలో పని చేస్తుంది. ఆమెకు లోను వద్దు. నెలనెలా పొదుపు మాత్రం ఒక్కరోజు కూడా తప్పదు. అయితే అందరూ తీసుకుంటున్నప్పుడు నువ్వొక్కదానివే వద్దంటే ఎట్లా అన్నారు. తీసుకుంది. తీసుకొని మరిది చేతిలో పెట్టింది. మరిది నాలుగు కిస్తీలు కట్టి ఊరుకున్నాడు. నెలకు 3,300 రూపాయల దాకా కిస్తీ. అడగని అప్పు, వాడని అప్పు, కట్టేది మాత్రం ఆమె. గ్రూపులో ఒక్కరి కిస్తీ ఆగితే ఏమవుతుందో మీకు చెప్పేదేముంది? అందరి లోను లేటు అని పడుతుంది, మళ్ళీ లింకేజీకి పోతే మేనేజర్ పుస్తకం తిరగేసి పక్కన పెడతాడు.

మూడో అక్క గురించి చెప్పాలంటే గ్రూపు పుట్టిందే ఆమె కాళ్ళ మీద. గల్లీ గల్లీ తిరిగి అందరినీ పోగు చేసింది ఆమె. ఎవరైనా గాంధీ ఆసుపత్రిలో ఉన్నారంటే టిఫిన్ డబ్బా ఆమె ఇంటి నుంచే పోతుంది. అట్లాంటి అక్క ఒకసారి మీటింగుకు ఆలస్యంగా వచ్చింది. రూలు ప్రకారం 10 రూపాయల ఫైను. పది మందిలో పేరు పిలిచి అడిగారు. 10 రూపాయలు ఇచ్చింది, ఆ తర్వాత మూడు నెలలు రాలేదు. “పైసలు కాదు, నన్ను దొంగోలె పిలిచిండ్రు” అన్నది ఇంటికి పోయి అడిగితే.

ఒకే రూలు, ఒకే లక్ష, ఒకే ఫైను. ఒకరికి చాలలేదు, ఒకరి మెడకు చుట్టుకుంది, ఒకరిని గ్రూపుకే దూరం చేసింది.

ఈ మధ్య ఒక శిక్షణలో ఒక మేడమ్ ఒక సంగతి చెప్పారు. మన తెలుగువాళ్ళ మీద, మన హైదరాబాద్‌లోనే జరిగింది కాబట్టి శ్రద్ధగా విన్నాం. డేవిడ్ మెక్‌క్లెలాండ్ అని అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఉండేవాడు. మనిషిని లోపలి నుంచి ఏది నడిపిస్తుంది అనేదే ఆయన జీవితాంతం చేసిన పని. ఆయన ముఖ్యంగా మూడు చెప్పాడు. ఒకటి, పెట్టుకున్న పనిని నిన్నటికంటే బాగా చేసి గెలవాలనే తపన. రెండు, నలుగురితో కలిసి ఉండాలి, నలుగురు నన్ను తమదాన్ని అనుకోవాలి అనే కోరిక. మూడు, నా మాట నడవాలి, నా వల్ల ఏదో కదలాలి అనే కోరిక. ప్రతి మనిషిలో మూడూ ఉంటాయి. ఏది ఎక్కువ ఉందన్నదే తేడా.

ఆ ప్రొఫెసర్‌కు ఒక ప్రశ్న వచ్చింది. గెలవాలనే తపన పుట్టుకతో వచ్చేదేనా, పెద్దవాళ్ళకు నేర్పితే కూడా వస్తుందా? దాన్ని పరీక్షించడానికి 1964లో కాకినాడను ఎంచుకున్నారు. అక్కడి వ్యాపారులు యాభై మందికి పైగా బ్యాచీలు బ్యాచీలుగా హైదరాబాద్ వచ్చి చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో పది రోజుల దాకా ఉండి నేర్చుకున్నారు. 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తెచ్చిన సంస్థ అది. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ అనే పేరుతో ఉంది. మనలో కొంతమంది దాని గేటు ముందు నుంచి బస్సులో వందసార్లు పోయి ఉంటాం. ఆ పది రోజుల్లో నేర్పింది మిషను తిప్పడం కాదు, ఖాతా రాయడం కాదు. తన గురించి తాను ఎట్లా ఆలోచిస్తున్నాడో తెలుసుకోవడం, చేరగలిగిన గురి పెట్టుకోవడం, పెట్టుకున్న గురికి ఎంత దూరం వచ్చానో లెక్క చూసుకోవడం.

తర్వాత రెండు మూడేళ్ళలో వాళ్ళ వ్యాపారాలు ఎట్లా ఉన్నాయో, శిక్షణకు రానివాళ్ళవి ఎట్లా ఉన్నాయో పోల్చి చూశారు. పోల్చడానికి రాజమండ్రిని కూడా తీసుకున్నారు. శిక్షణకు వచ్చినవాళ్ళు ఎక్కువ చురుగ్గా కనిపించారు. కొత్త పెట్టుబడులు పెట్టారు, ఎక్కువ మందికి పని ఇచ్చారు. ఇదంతా మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ అనే ఇంకొకాయన కలిసి 1969లో పుస్తకంగా వేశారు.

వాళ్ళంతా మగవాళ్ళు, షాపులు, ఫ్యాక్టరీలు ఉన్నవాళ్ళు. మన సంగతి వేరు కదా అని మీరు అనవచ్చు. మేమూ అదే అన్నాం. ఆ వేరు ఎక్కడుందో తర్వాత చెప్తాం, అసలు విషయం అక్కడే ఉంది. ముందు ఆట గురించి చెప్పనివ్వండి.

ఆ ప్రొఫెసర్ వాడిన ఆట ఒకటి ఉంది. నాంపల్లి నుమాయిష్‌లో రింగులు విసిరి సబ్బులు, గ్లాసులు గెలుచుకునే ఆట మనందరికీ తెలుసు. అట్లాంటిదే. తేడా ఏమిటంటే ఎంత దూరం నుంచి విసరాలో ఎవరూ చెప్పరు. ఎవరి చోటు వాళ్ళే ఎంచుకోవాలి. గెలవాలనే తపన ఉన్నవాళ్ళు మరీ దగ్గర నిలబడరు, మరీ దూరం పోరు. కొంచెం కష్టపడితే పడుతుంది అనుకునే చోట నిలబడతారు. మా బస్తీ కమ్యూనిటీ హాల్లో నీళ్ళ సీసా పెట్టి ప్లాస్టిక్ గాజులతో ఇది ఆడాం. మనిషికి మూడు గాజులు.

లంగాలు కుట్టే అక్క నాలుగో బండ మీద నిలబడింది. మొదటి గాజు పడలేదు. అర బండ ముందుకు జరిగింది, రెండోది పడింది. మళ్ళీ వెనక్కి జరిగి మూడోది విసిరింది. ఎవరి వైపూ చూడలేదు, సీసా వైపే చూసింది. ఇక టిఫిన్ డబ్బాల అక్కకు దూరంతో పని లేదు, తన సోపతి ఎక్కడ నిలబడితే అక్కడే నిలబడింది. ఆమె గాజు పడితే వీళ్ళు చప్పట్లు, వీళ్ళది పడితే ఆమె చప్పట్లు.

మా గ్రూపులో గట్టిగా మాట్లాడే అక్క ఒకామె ఉంది. డ్రైనేజీ పొంగినా, నీళ్ళ ట్యాంకర్ రాకపోయినా ఆఫీసుకు పోయేది ఆమే. ఆమె తలుపు దగ్గర దాకా వెనక్కి పోయి “చూడుండ్రి ఇగ” అని విసిరింది. మూడూ పడలేదు. సీసా వంకరగా పెట్టిండ్రు అన్నది.

ఇళ్ళలో పని చేసే అక్క సీసా పక్కకే వచ్చి, వంగి, గాజును మెల్లగా దాని మీద వదిలింది. మూడూ పడ్డాయి. అందరూ ఒకటే నవ్వు. ఆమె నవ్వలేదు. “నాకు గాజు పోవద్దు” అన్నది.

ఆ ఒక్క మాటతో హాలు నిశ్శబ్దమైంది. ప్రొఫెసర్ చెప్పిన మూడింటిలో ఆ అక్కకు సరిపోయేది మాకు దొరకలేదు. ఆమెను నడిపించేది పోగొట్టుకోకూడదు అన్న జాగ్రత్త. దాన్ని భయం అని తీసిపారేయడం సులువు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అట్లా అనరు. 2010 అక్టోబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళ మీద ఆర్డినెన్సు తెచ్చింది, గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు వారం వారం కిస్తీ, ఒకరు కట్టకపోతే గుంపంతా వాళ్ళ గడప ముందు కూర్చోవడం, ఒక అప్పు తీర్చడానికి ఇంకొక అప్పు. ఆ రోజుల్లో ఆమె గడప ముందు కూర్చున్నారు. ఆ గడప దాటి ఆమె మనసు ఇంకా బయటికి రాలేదు. అట్లాంటి మనిషిని లోను తీసుకో అని బలవంతం చేయడం అంటే, సీసా దగ్గర నిలబడ్డ మనిషిని తలుపు దగ్గరికి నెట్టి విసరమనడమే.

మన బోయిగూడలో జాగ్రత్తకు ఇంకొక కారణం కూడా ఉంది. 2022 మార్చి 23న తెల్లవారుజామున ఇక్కడి తుక్కు గోదాములో మంటలు లేచి, పైన పడుకున్న బీహార్ కూలీలు 11 మంది చనిపోయారు. చుట్టూ టింబర్ డిపోలు, తుక్కు గోదాములు ఉన్న చోట బతుకుతున్నాం. ఆ తర్వాత మీటింగులో ఆమె లోను గురించి అడగలేదు, బీమా గురించి అడిగింది. ప్రధానమంత్రి సురక్ష బీమా సంవత్సరానికి 20 రూపాయలు, జీవన జ్యోతి బీమా 436 రూపాయలు. సురక్ష బీమా ప్రమాదానికి, జీవన జ్యోతి ఏ కారణంతో చనిపోయినా. ఒక్కొక్కదానికి 2 లక్షలు. బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చు. మా గ్రూపులో ఆ ఫారాలు నింపించింది ఆ అక్కే. వెనకబడ్డ మనిషి అని మనం అనుకున్న ఆమె, తనను లాగే పని దొరికినప్పుడు అందరికంటే ముందు నడిచింది.

ఇంకొక పని కూడా చేశాం. పాత క్యాలెండర్‌లో బొమ్మ ఒకటి. ఒక ఆడమనిషి కుట్టుమిషను ముందు కూర్చొని గడప బయటికి చూస్తుంటుంది. ఆమె ఏం ఆలోచిస్తున్నదో చెప్పండి అన్నాం. ఆ ప్రొఫెసర్ కూడా ఇట్లాగే బొమ్మలు చూపించి కథలు చెప్పించేవాడట. మనిషి బొమ్మ గురించి చెప్తున్నాననుకుంటూ తన మనసు చెప్తాడు కాబట్టి. ఒకరన్నారు, “పండుగ లోపల నలభై జాకెట్లు అయితయా లేదా అని లెక్క వేస్తున్నది”. ఒకరన్నారు, “బిడ్డ బడి నుంచి ఇంక రాలేదని చూస్తున్నది”. ఇంకొకరు, “అత్తకు ఎదురు చెప్పాలె, ఎట్ల చెప్పాలె అని చూస్తున్నది”. మా అందరికంటే చిన్న చెల్లె మాత్రం “మిషను కిస్తీ కట్టేది ఆమెనే గాని మిషను ఆమెది కాదు” అన్నది.

అక్కలూ, కాకినాడ వ్యాపారులకూ మనకూ ఉన్న తేడా ఈ మాటలో ఉంది. ఆ పుస్తకంలోనే ఒక సంగతి ఉందని మేడమ్ చెప్పారు. శిక్షణ తీసుకున్నవాళ్ళలో కూడా తమ వ్యాపారం మీద తమకే అధికారం ఉన్నవాళ్ళలో మార్పు బాగా కనిపించిందట. షాపు తనదే, నిర్ణయం తనదే అయితే కొత్త ఆలోచన మరునాడే పనిలోకి వస్తుంది. నిర్ణయం వేరేవాళ్ళ చేతిలో ఉంటే తపన లోపలే ఉండిపోతుంది. మన దగ్గర చాలామంది అక్కలకు ‘ఆసక్తి లేదు’ అని ఆఫీసర్లు రాసుకుంటారు. ఆసక్తి లేక కాదు. లోను ఆమె పేరు మీద, ఏటీఎం కార్డు ఆయన జేబులో. రెండేళ్ళు అట్లా నడిచినాక ఏ మనిషికైనా ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ముందు కార్డు ఎవరి దగ్గరుందో అడగండి, స్వభావం సంగతి తర్వాత చూడవచ్చు.

ఇప్పుడు గట్టిగా మాట్లాడే అక్కల గురించి. వీళ్ళను మన గ్రూపుల్లో ‘పెత్తనం చేస్తది’ అంటాం. మగవాడు అట్లా ఉంటే లీడర్ అంటాం, అది వేరే ముచ్చట. మెక్‌క్లెలాండ్ తర్వాతి రోజుల్లో, 1976లో, ఇంకొకాయనతో కలిసి దీని మీద రాశాడు. మాట నడవాలనే కోరిక చెడ్డది కాదని, దాన్ని సొంతానికి వాడుకుంటున్నారా, సంస్థ కోసం వాడుతున్నారా అన్నదే చూడాలని. అందరికీ మంచిగా ఉండాలనుకునే మేనేజరు కంటే ఇట్లాంటివాళ్ళే పని బాగా నడిపించారని కూడా రాశాడు. ఎందుకంటే అందరికీ మంచిగా ఉండాలనుకునేవాళ్ళు ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఇంకొక రూలు పెట్టి చివరికి ఎవరికీ మంచి కాకుండా పోతారట. ఫైను మాఫీ చేసే లీడర్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

దీనికి పుస్తకం దాకా పోనక్కర లేదు, మన ఆడవాళ్ళే చేసి చూపించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారా అంగడి మూయించారు. రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ళకు ఎవరూ లోను ఇస్తామనలేదు, సబ్సిడీ చెప్పలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే పైసలు మిగిలినాకే ఆ జిల్లాలో పొదుపు గ్రూపులు జోరందుకున్నాయి. మనం ఈ రోజు ఇక్కడ కూర్చున్నామంటే దాని వెనుక మాట నెగ్గించుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. కాబట్టి గట్టిగా మాట్లాడే అక్క దొరికితే ఆమెను ఖాతా పుస్తకం ముందు కూర్చోబెట్టకండి. వాటర్ బోర్డుకు పంపండి, బ్యాంకు మేనేజర్ దగ్గరికి పంపండి. మా దగ్గర ఇప్పుడు ఆ పని ఆమెదే. ఆరు నెలల నుంచి మీటింగులో గొడవ తగ్గింది, ట్యాంకర్ టైముకు వస్తున్నది.

ఇదంతా విని మనుషులకు ముద్రలు వేయొద్దు. మా గ్రూపులో వారం రోజులు అదే నడిచింది. “నువ్వు రెండో రకం, నీకు వ్యాపారం రాదు” అని ఒకరినొకరు అనుకోవడం మొదలైంది. ఇప్పటికే కులం, మతం, అద్దె ఇల్లు, సొంత ఇల్లు అని ఎన్నో గీతలున్నాయి. ఇంకొకటి కొత్తగా గీయడానికి ఆ శిక్షణకు పోలేదు. మనిషిని లాగేది మారుతుంది కూడా. బిడ్డ పెళ్ళి అయ్యేదాకా రూపాయి కదపని అక్క, పెళ్ళి అయిన మరుసటి నెల టిఫిన్ బండి పెడతానని వచ్చింది. అందుకే మేము ఏ రకం అని రాసుకోవడం ఆపేశాం. ఈ సంవత్సరం నీకు ఏం కావాలె అని మాత్రం రాసుకుంటున్నాం.

ఈసారి లింకేజీకి పోయే ముందు ఏం చేశామో చెప్పి ముగిస్తాం. ఇద్దరిద్దరం పోయి ఒక్కొక్క సభ్యురాలిని ఇంటి దగ్గర, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాం. మీటింగులో అడిగితే పక్కామె ఏమంటే అదే అంటారు. మూడే ప్రశ్నలు. ఎంత కావాలె, అసలు కావాల్నా? ఆ పైసలు ఎవరి చేతిలో ఉంటయి? ఒక నెల ఆదాయం రాకపోతే కిస్తీ ఎట్ల కడతవు? ఆ మూడు జవాబులే మైక్రో క్రెడిట్ ప్లాన్‌లో రాశాం.

లెక్క ఇట్లా వచ్చింది. కుట్టుమిషన్ల అక్కకు రెండున్నర లక్షలు, టిఫిన్ బండి అక్కకు 2 లక్షలు, మోండా మార్కెట్‌లో పూలు అమ్మే చెల్లెకు లక్షన్నర. ముగ్గురికి లక్ష చొప్పున, ఇద్దరికి యాభై వేల చొప్పున. ఇద్దరు వద్దన్నారు, వద్దనే రాశాం. మొత్తం 10 లక్షలే. లక్ష దాటి తీసుకున్న ముగ్గురూ మూడు కిస్తీల పైసలు ముందుగా పొదుపులో ఉంచాలి, సామాను కొన్న బిల్లు మీటింగులో చూపించాలి. సభ్యులకు నూటికి రూపాయి మిత్తి. బ్యాంకు మిత్తి పోగా మిగిలేది గ్రూపు నిధిలో పడుతుంది, అది లోను తీసుకోని ఇద్దరికి కూడా చెందుతుంది. ఫైను ఇప్పుడు పేరు పిలిచి అడగడం లేదు. డబ్బా పెట్టాం, ఆలస్యమైనవాళ్ళు వాళ్ళే వేస్తారు. టిఫిన్ డబ్బాల అక్క మళ్ళీ వస్తున్నది. కొత్తగా చేరేవాళ్ళను, రావడం మానేసినవాళ్ళను చూసుకునే బాధ్యత ఆమెకే ఇచ్చాం.

మరిది ఎగ్గొట్టిన అప్పు సంగతి అడుగుతారు. గట్టిగా మాట్లాడే అక్క, ఇంకో ఇద్దరు ఆయన పని చేసే చోటికి పోయి, జీతం రోజున నెలకు 2,000 ఇచ్చేటట్టు ఒప్పించి వచ్చారు. మిగతాది ఇంకా ఆమే కడుతున్నది. అది పూర్తిగా తీరలేదు.

ఇంకొక చిక్కు మాత్రం మా గ్రూపు స్థాయిలో తేలలేదు, అందుకే ఈ సభ ముందు పెడుతున్నాం. వాటాల లెక్క చదివి వినిపించిన రోజు, లోను వద్దన్న అక్క ఒక మాట అడిగింది. “నేను తీసుకుంటలేను. రెండున్నర లక్షలు తీసుకున్నామె కట్టకపోతే నేనెందుకు కట్టాలె? అప్పుడు నా పొదుపు పోతది గదా?” బ్యాంకు కాగితం ప్రకారం బాధ్యత పది మందిదీ. మూడు కిస్తీల జమ ఉంది, నిధి ఉంది అని చెప్పాం. ఆమె ఒప్పుకొని సంతకం పెట్టింది గాని, మొహంలో ఆ 2010 నాటి గడప కనిపించింది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి ఒక్క గ్రూపు దగ్గర పూర్తి జవాబు లేదు, సమాఖ్య దగ్గర ఉండవచ్చు.

మా విన్నపం ఇది. ప్రతి గ్రూపు తన మిత్తి మిగులులో కొంత సమాఖ్యలో వేసి ఒక రక్షణ నిధి పెట్టాలి. అవసరాన్ని బట్టి వాటాలు వేసుకున్న గ్రూపుల్లో ఎవరైనా రోగంతోనో, ప్రమాదంతోనో కిస్తీ కట్టలేకపోతే, లోను తీసుకోనివాళ్ళ పొదుపును ముట్టుకోకుండా మొదట ఆ నిధి నుంచి కట్టాలి. ఎంత వేయాలి, ఎవరు చూసుకోవాలి, కావాలని ఎగ్గొట్టినవాళ్ళను ఎట్లా వేరు చేయాలి అన్నవి చర్చించడానికి అయిదుగురు అక్కలతో కమిటీ వేయాలని కోరుతున్నాం. ఆ అయిదుగురిలో లోను ఎప్పుడూ తీసుకోని అక్క ఒకరు తప్పకుండా ఉండాలి. మా వైపు నుంచి ఆ పేరు ఇప్పటికే రాసి ఇచ్చాం, ఆమె కూడా సరే అన్నది. మధ్యాహ్నం తీర్మానాల సమయంలో ఈ విషయం తీసుకోవాలని అధ్యక్షురాలు అక్కను కోరుతున్నాం.